పేరు చెప్పని ప్రార్థన

(పదకొండవ భాగం)

అనుకున్న మూడు బడుల్లో రెండు చేజారిపోయాయి. మిగిలినది ఒక్కటే. అది గోదావరికి అవతల, చర్ల రోడ్డులో, అడవి అంచున ఉంది. కిందటి వారం మనం సంపూర్ణనూ ఆమె కూతురు అక్సానూ అశ్వారావుపేటలో భద్రాచలం బస్సు ఎక్కించి వదిలిపెట్టిన నాటికి వాళ్ల చేతిలో ఉన్న ఆశ అంతే.

సంపూర్ణ అశ్వారావుపేట సర్కారు దవాఖానాలో నర్సు. భర్త ఏసయ్య పామాయిల్ మిల్లులో కాంటా దగ్గర పనిచేస్తాడు. తోటల నుంచి గెలలు మోసుకొచ్చే ట్రాక్టర్లూ లారీలూ ఆయన తూకం వేయనిదే లోపలికి పోవు. వాళ్లకు ఒక్కతే కూతురు. ఖమ్మంలో హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతున్న ఆ పదిహేనేళ్ల పిల్ల, జనవరి నెలాఖరులో ఒక ఉదయం స్నానాల గది తలుపు వేసుకుని, ఎవరు పిలిచినా పలకకుండా మధ్యాహ్నం దాకా లోపలే కూర్చుండిపోయింది. తలుపు పగలగొట్టారు. మర్నాడే పిల్లను తీసుకుపొమ్మన్నారు. ఊళ్లోని బడిలో చేర్పిస్తే, పాఠం నడుస్తుండగానే లేచి పోయి బస్టాండులో కూర్చునేది. ఎందుకని అడిగితే జవాబు లేదు. ఇప్పుడు పదో తరగతిలోకి రావాలి. జూన్ నెల సగం గడిచిపోయింది. ఈ వారంలో ఎక్కడో ఒకచోట చేరకపోతే ఆ పిల్లకు ఈ ఏడు చదువు లేనట్టే. రోగమేమిటో తెలియకుండా మందుల దుకాణం ముందు నిలబడ్డ మనిషికి ఏ మందు అడగాలో ఎట్లా తెలుస్తుంది? సంపూర్ణ బడుల చుట్టూ తిరుగుతున్నది సరిగ్గా ఆ స్థితిలోనే.

ఖమ్మంలోని పెద్ద బడిలో వాళ్లతో మాట్లాడిన యువకుడు పిల్ల ముఖమైనా చూడకుండా, గోడకు అంటించిన ర్యాంకులవాళ్ల ఫోటోలు చూపిస్తూ పోయాడు. ముదిగొండలో సంపూర్ణ తమ్ముడు డేవిడ్ చూపించిన బడి పెద్దాయన మంచి మర్యాదస్థుడే. కానీ, "ఖమ్మం హాస్టలు వాళ్లకొకసారి ఫోన్ చేసి కనుక్కుంటానమ్మా" అన్నాడు. ఆ మాట చెవిన పడగానే అక్సా లేచి బయటికి నడిచింది. తిరుగు బస్సులో, వైరా దాటాక, తనంతట తాను నోరు తెరిచింది.

"నేనెవరో తెల్వని బడైతే పోత. ఖమ్మంల ఏమైందో అక్కడ ఒక్కరికి గూడ తెల్వొద్దు."

"తెల్వదు బిడ్డా. నేను చెప్తనా?"

"ఒట్టెయ్."

"మనం ఒట్లు పెట్టం గదా తల్లీ. ప్రభువు వద్దన్నడు. మాటిస్తున్న."

"ఒట్టు లేని మాటనేనా" అని పిల్ల కిటికీ వైపు తిరిగింది.

ఆ మాట ఇచ్చేటప్పుడు సంపూర్ణ మనసులో ఏ కల్మషమూ లేదు. అది మాత్రం మనం గుర్తుపెట్టుకోవాలి.

*

ఈ రోజు అక్సా మరో మనిషిలా ఉంది. పొద్దున తనే తల దువ్వుకుని జడ వేసుకుంది. తన బ్యాగు తనే మోసుకుంది. బస్సు పామాయిల్ తోటలు దాటి అడవి దారి పట్టేసరికి, తల్లి పక్కకు జరిగి, రహస్యం చెప్తున్నట్టు గొంతు తగ్గించింది.

"ఎవరన్నా అడిగితే మాది సత్తుపల్లి అంట."

"అబద్ధం ఎందుకే?"

"అబద్ధమేంది? నేను పుట్టింది సత్తుపల్లి దవాఖానల గాదా? నువ్వే చెప్పినవ్, నన్ను జూసి డాక్టరమ్మ గిది ఆడపిల్లనా కోడిపిల్లనా అన్నదని."

సంపూర్ణకు నవ్వు వచ్చింది. ఇంట్లో ఎవరూ నవ్వక ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకోబోయి, ఆ ఆలోచన నవ్వును మింగేస్తుందని భయపడి మానుకుంది. సరిగ్గా అప్పుడే ఏసయ్య ఫోన్ చేశాడు. ఆయన ఏ మాటయినా ఒకే విధంగా మొదలుపెడతాడు. పెళ్లిచూపుల్లో సంపూర్ణతో మాట్లాడిన మొదటి మాట కూడా అట్లాగే మొదలైంది.

"మరేం లేదు గని, సారపాక దాటిండ్రా?"

"ఇంకా లే. బూర్గంపహాడ్ కాడ ఉన్నం."

"పిల్లెట్ల ఉంది?"

"మంచిగుంది. మాట్లాడ్తవా?"

అవతల ఎవరో లారీ డ్రైవరు అరుస్తున్నాడు. "కాంటా అయింది, పోనీయ్" అని ఇంకెవరో కేక వేశారు. ఆ గోల మధ్య ఏసయ్య, "వద్దులే, తర్వాత చేస్త" అని పెట్టేశాడు. సంపూర్ణ ఫోన్ ఎప్పుడూ పెద్ద గొంతుతోనే మాట్లాడుతుంది. వార్డులో రోగుల మూలుగుల మధ్య వినబడాలని శబ్దం పూర్తిగా పెంచి ఉంచుతుంది. కాబట్టి తండ్రి అన్న మాట పిల్లకూ వినబడింది. ఆమె కిటికీ అద్దం మీద దుమ్ము పట్టిన చోట వేలితో ఒక గీత గీసి, దాన్ని అరచేత్తో తుడిచేసింది.

వంతెన మీదికి వచ్చేసరికి గోదావరి ఎర్రగా ఉంది. పైన ఎక్కడో వానలు మొదలైనట్టున్నాయి. స్నానఘట్టాల మెట్లు పైనుంచి కొన్ని మాత్రమే కనబడుతున్నాయి. అక్సా నది వైపు చూడకుండా అవతలి ఒడ్డు వైపే చూస్తూ కూర్చుంది.

*

బడి పేరు ఎల్‌రోయి. చూచుచున్న దేవుడు అని దాని అర్థం. ఎవరి కంటా పడకూడదనుకునే పిల్లను ఆ పేరున్న బడికి తీసుకొస్తున్నామన్న సంగతి సంపూర్ణకు ఆటో దిగి బోర్డు చదివినప్పుడు గాని తట్టలేదు. తట్టినా అంతకంటే ఆలోచించడానికి వ్యవధి లేదు. గేటు దగ్గర కూర్చున్న లచ్చిరాం అనే వాచ్‌మన్ అప్పటికే లేచి నిలబడ్డాడు.

"యాడికెల్లి వచ్చిండ్రమ్మా?"

"సత్తుపల్లి" అంది అక్సా, తల్లి కంటే ముందే.

రేకుల కప్పు వేసిన తరగతి గదులు వరసగా ఉన్నాయి. ఆవరణ వెనక కంచె, కంచె దాటగానే ఇప్పచెట్లు, ఆ వెనక అంతా అడవే. మధ్యాహ్నం భోజనాలయి, ఆడపిల్లలు కుళాయి దగ్గర కంచాలు కడుగుతూ సగం తెలుగులో సగం కోయ మాటలో పోట్లాడుకుంటున్నారు. ఎవరి కంచమో ఇంకెవరో తీసుకున్నారట. ఆ గొడవ వింటూ అక్సా మొహంలో బిగువు సడలడం సంపూర్ణ చూసింది. ఇదే బడి అనుకుంది. దీనికి రుజువేమీ లేదు. మనసు అనుకుంది, అంతే.

"నువ్విక్కడ కూసో. మేడం ఉన్నదేమో చూసొస్త" అని కూతురిని వరండా మెట్ల మీద కూర్చోబెట్టి ఆఫీసు గది గుమ్మం దాకా నడిచింది. మేడం ఫోనులో ఉంది. వేలు చూపించి, ఒక్క నిమిషం ఆగమంది. సంపూర్ణ గుమ్మం దగ్గరే నిలబడి వెనక్కి చూసింది. అప్పటికే నలుగురైదుగురు ఆడపిల్లలు తడిచేతులు గౌన్లకు తుడుచుకుంటూ అక్సా చుట్టూ చేరారు.

"అక్కా, మీదేవూరు?"

"సత్తుపల్లి."

"మా మేనత్తది గూడ సత్తుపల్లే. ఏ బజారు?"

అక్సా ఒక్క క్షణం తడుముకుని, "దవాఖాన బజారు" అంది.

"ఏ క్లాసుల చేర్తవ్?"

"పది."

"పదికి లెక్కలు రామ్‌సింగ్ సార్ చెప్తడు. సార్ కొట్టడు గని పాట పాడమంటడు. అది ఇంకా కష్టం."

అక్సా నవ్వింది. పెదవులతో మాత్రమే కాదు, పళ్లు కనబడేట్టు. సంపూర్ణ ఆ నవ్వును కళ్లతోనే పట్టి దాచుకుంటున్నంతలో, ఫోను పెట్టేసి మేడం బయటికి వచ్చింది. పేరు పద్మప్రియ, ఆ బడి ప్రిన్సిపాల్. యాభై ఏళ్ల మనిషి, నేత చీర, మెడలో చిన్న సిలువ. రెండు చేతులూ జోడించి, వరండా అంతా వినబడేట్టుగా, ఎంతో ఆప్యాయంగా పలకరించింది.

"వందనాలమ్మా. అశ్వారావుపేట నుంచి వస్తామన్న సిస్టర్ మీరేనా?"

మెట్ల దగ్గర మాటలు ఆగిపోయాయి. జెస్సికా అనే పిల్ల, అందరిలోకీ చిన్నది, తల పక్కకు వంచి అక్సా మొహంలోకి చూసింది.

"అశ్వారావుపేటనా? అయితే నువ్వు తలుపేసుకున్న అక్కవా?"

పక్కనున్న పెద్దపిల్ల దాన్ని మోచేత్తో పొడిచింది. "ఏందే, గట్ల అడగొద్దు."

"అడగట్లే, చెప్తున్న. అక్కా, మేం రోజూ పొద్దుగాల నీ కోసం మోకాళ్లేస్తం. ఖమ్మం హాస్టల్ల తలుపేసుకున్న అక్క మాట్లాడాలె దేవా అని. మంచిగ మాట్లాడ్తున్నవ్ గదా ఇప్పుడు." ఆ పిల్ల ఆనందం పట్టలేక ఆఫీసు వైపు తిరిగింది. "మేడం, ఈ అక్క మాట్లాడుతుంది."

కుళాయి దగ్గర కంచాలు కడుగుతున్న పిల్లలంతా ఒక్కసారి తలలు తిప్పారు. వాళ్ల ముఖాల్లో వెక్కిరింత గాని జాలి గాని లేవు. ఉన్నదల్లా సంతోషమే. తాము అడిగినది దేవుడు ఇచ్చాడన్న సంతోషం. అక్సా తట్టుకోలేకపోయింది సరిగ్గా దాన్నే. ఆమె లేచింది. పరిగెత్తలేదు. బ్యాగు అక్కడే వదిలి, తరగతి గదుల వెనకకు, కంచె వైపు నడిచిపోయింది.

*

ఆ ప్రాంతపు విశ్వాసుల్లో ఒక అలవాటుంది. తెల్లవారక ముందే, ఫోనులో ఒక నంబరుకు చేస్తే, సత్తుపల్లి నుంచి భద్రాచలం దాకా ఎక్కడెక్కడి వాళ్లో ఒకే లైనులో కలుస్తారు. ఒకరి ముఖం ఒకరికి తెలియదు. ఒకరు పాట ఎత్తుకుంటారు, ఒకరు వాక్యం చెబుతారు, ఆ తర్వాత ఎవరి అవసరత వారు చెప్పుకుంటారు. పాలు కాచేవాళ్లూ, డ్యూటీ దిగి వచ్చేవాళ్లూ, మంచం దిగలేని ముసలివాళ్లూ అందరూ చెవి దగ్గర ఫోను పెట్టుకుని ఆమెన్ అంటారు. ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమదినాల మొదటి వారంలో, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వస్తూ, చింతచెట్టు మలుపులో స్కూటీ ఆపుకుని, సంపూర్ణ ఆ లైనులో ఏడ్చింది. "పేరు చెప్పలేను. అశ్వారావుపేట నుంచి ఒక తల్లి. ఒక్కతే కూతురు, తొమ్మిదో తరగతి, ఖమ్మం హాస్టల్లో తలుపేసుకుంది. ఏమైందో చెప్తలేదు. నా బిడ్డ మాట్లాడాలని ప్రార్థించండి" అంది.

పేరు చెప్పలేదు. ఆమె దృష్టిలో, పేరు చెప్పని సంగతి చెప్పని సంగతే. దవాఖానాలో ఆమె నేర్చుకున్న నీతి అది. ఏ రోగి కథయినా ఆమె ఇంట్లో చెబుతుంది, పేరు మాత్రం చెప్పదు. ఇరవై ఏళ్లుగా ఆ నియమం ఎవరికీ హాని చేయలేదు. పైగా అది మనుషులకు చెప్పడం కాదనీ, దేవునికి చెప్పడమనీ ఆమె నమ్మకం. వైరా దాటాక కూతురికి మాట ఇచ్చినప్పుడు ఈ లైను ఆమెకు గుర్తయినా రాలేదంటే అందుకే. ఆ లైనును ఎల్‌రోయి బడిలో ప్రతి ఉదయం ప్రార్థన గదిలో స్పీకరు పెట్టి పిల్లలందరికీ వినిపిస్తారని ఆమెకు ఎట్లా తెలుస్తుంది?

కంచె దగ్గర అక్సా ఇనుప తీగను పట్టుకుని నిలబడి ఉంది. అవతల అడవిలో ఎక్కడో మేకల మెడగంటలు వినబడుతున్నాయి.

"బిడ్డా, నీ పేరు చెప్పలే. ప్రమాణంగ చెప్తున్న, పేరు చెప్పలే."

"ఇప్పుడు ప్రమాణం చేస్తున్నవా?"

పిల్ల వెనక్కి తిరగకుండానే మాట్లాడింది. గొంతులో కోపం లేదు, అలసట మాత్రమే ఉంది.

"పేరు మీరు పెట్టింది, అమ్మా. మిగిలిందే నాది. తలుపు నాది. లోపల కూసున్నది నేను. నాది అందరికి చెప్పి, మీది దాచుకున్నవ్."

"మనుషులకు చెప్పిన్నా? దేవునికి చెప్పిన."

"దేవునికి ఫోన్ కావాల్నా?"

"ఏం చెయ్యమంటవే నన్ను? నువ్వు చెప్పవు. మీ నాన్న అడగొద్దంటడు. డాక్టరు నిద్రమాత్ర రాసిండు. నేనెవరికి చెప్పుకోవాలె?"

ఈ ప్రశ్నకు మాత్రం పిల్ల తల తిప్పి చూసింది. ఏదో చెప్పబోతున్నట్టు పెదవులు కదిలాయి. "నాన్న అడగొద్దన్నడా?" అంది.

"అవ్. నిన్ను కదపొద్దు, అదే సర్దుకుంటది అన్నడు. ఎందుకు?"

"ఏం లే" అని అక్సా మళ్లీ తీగ వైపు తిరిగింది.

సంపూర్ణ ఏ వైపు నుంచి ఆలోచించినా చిక్కు విడలేదు. పిల్లను తీసుకుని ఇప్పుడే వెళ్లిపోతే, చేతిలో ఇంకే బడీ లేదు. ఉంచితే, పిల్ల పెట్టిన ఒకే ఒక్క షరతును తల్లే తుంచినట్టు. ఇక్కడి వాళ్లు చెడ్డవాళ్లయితే తేలికగా ఉండేది. ప్రేమగా ఉన్నవాళ్ల మీద కోపం ఎట్లా తెచ్చుకోవాలో ఆమెకు తెలియలేదు. ప్రార్థన పాపమా? కాదు. మరి కూతురు ముందు తలెత్తుకోలేకపోవడం ఎందుకు? దేవుణ్ణి అడుగుదామనుకుని, అడగడానికే భయపడిన రోజు ఆమె జీవితంలో ఇదొక్కటే.

"నువ్వు ఈడ్నే ఉండు. బ్యాగు తెచ్చుకొస్త. ఇంటికి పోదాం" అంది చివరికి.

అక్సా తీగను వదల్లేదు.

*

బ్యాగు ఆఫీసు గదిలోకి చేరి ఉంది. పద్మప్రియ దాన్ని కుర్చీ మీద పెట్టి, తను నిలబడే ఉంది. మనిషి నిజంగా నొచ్చుకుంది. కళ్లు తడిగా ఉన్నాయి.

"పొరపాటు మాదే సిస్టర్. పిల్లలకు వినిపిస్తే వాళ్లకు ఇతరుల బాధ తెలుస్తుందనుకున్నాను. ఆ బాధ గలవాళ్లు ఒకనాడు గేటులో నుంచి నడిచి వస్తారని ఆలోచించలేదు."

"మీరేం చేస్తరు మేడం. చెప్పింది నేను."

"అట్లా అనుకోకండి. మీరిద్దరూ అంత ఆరాటపడ్డారు గనకే మా పిల్లలు కూడా ఇన్నాళ్లు విడవకుండా పట్టుకున్నారు."

సంపూర్ణ బ్యాగు మీద వేసిన చేయి అక్కడే ఆగింది. "ఇద్దరెవరు మేడం?"

"మీరూ, మీ వారూ."

"మా ఆయన లైన్లకు రాడు. ఆయనకు ఫోన్ల ప్రార్థన పడదు. ఆదివారం గుళ్లె కూసుంటే అదే పెద్ద సంగతి."

పద్మప్రియ నొసలు చిట్లించింది. "అయితే నేనే రెండు కుటుంబాలను ఒకటిగా కలిపేసుకున్నానేమో. ఆయన కూడా పేరు చెప్పలేదు. ఖమ్మం హాస్టల్లో తొమ్మిదో తరగతి చదివే ఒక్కతే కూతురు అన్నారు. తర్వాత మీరూ అవే మాటలు చెప్పేసరికి, ఇంకేముంది, ఆ బిడ్డే అనుకున్నాం."

"తర్వాతనా?" అంది సంపూర్ణ. "నా కంటే ముందు చెప్పిండా ఆయనెవరో?"

"చాలా ముందు. పండక్కి ముందే మా బడిలో సెమీ క్రిస్మస్ చేసుకున్న రోజు. చిన్నపిల్లలు దేవదూతల్లా అట్ట రెక్కలు కట్టుకుని ప్రార్థన గదిలో కూర్చున్నారు, అందుకే బాగా గుర్తు."

సంపూర్ణ నిట్టూర్చింది. ఒక్కసారిగా గుండె తేలికపడింది. "అయితే మేం గాదు మేడం. మా పిల్ల తలుపేసుకున్నది జనవరి ఆఖర్ల. క్రిస్మస్‌కు మంచిగనే ఉంది. ఇంకెవరి బిడ్డో పాపం."

"అంతే అయి ఉంటుంది" అని పద్మప్రియ తల ఊపింది. ఒప్పుకున్నట్టే కనబడింది గాని, ఆమె మనసు ఆ ఉదయం దగ్గరే తిరుగుతున్నట్టుంది. "కానీ ఆ తండ్రి గొంతు ఇప్పటికీ మరచిపోలేను. అందరూ బిడ్డ బాగా చదవాలనో, జబ్బు తగ్గాలనో అడుగుతారు. ఆయన అడిగింది అట్లాంటిది కాదు. 'మరేం లేదు గని, ఒక తండ్రి విన్నపం' అని మొదలుపెట్టారు..."

సంపూర్ణ ఎత్తబోయిన బ్యాగు చేతిలోంచి జారి కింద పడింది.

"...'నా బిడ్డ చూడకూడనిది చూసింది. నా వల్లనే చూసింది. అది మర్చిపోవాలె, ఎవరికీ చెప్పకుండ మర్చిపోవాలె. అందరు ప్రార్థన చెయ్యండి' అన్నారు. అంతే. వెనకాల ఎవరో 'కాంటా అయింది, పోనీయ్' అని అరిచారు. మా చిన్నపిల్లలు ఆ కేక విని ఫక్కున నవ్వారు. నేను కోప్పడ్డాను."

గది బయట కంచాలు పేర్చుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. ఆ చప్పుడులో సంపూర్ణ ఒక డిసెంబరు ఆదివారాన్ని వెతుక్కుంది. హాస్టలుకు తల్లిదండ్రులను రానిచ్చే ఆదివారం. ఆమెకు డ్యూటీ పడితే, చలికోటూ మురుకుల డబ్బా తీసుకుని ఏసయ్య ఒక్కడే ఖమ్మం వెళ్లాడు. సాయంత్రానికి రావలసిన మనిషి మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. బస్సు దొరకలేదన్నాడు. పిల్ల మంచిగున్నదన్నాడు. ఆ రోజు అన్నం ముట్టకుండానే కంచంలో చేయి కడుక్కుని లేచాడు. ఆమె అతనికి జ్వరమేమోనని నుదురు తాకి చూసింది. నుదురు చల్లగానే ఉంది.

ఒక్క కప్పు కింద బతుకుతున్న ఇద్దరు, ఒకరికి తెలియకుండా ఒకరు, వేర్వేరు తెల్లవారుజాముల్లో ముఖం తెలియని మనుషుల ముందు అదే బిడ్డ కోసం మొరపెట్టుకున్నారు. ఇద్దరూ పేరు చెప్పలేదు. ఒకరు బిడ్డ మాట్లాడాలని అడిగారు. ఒకరు మాట్లాడకూడదని. ఈ బడి పిల్లలు రెంటికీ ఆమెన్ అన్నారు.

"సిస్టర్, కూర్చోండి. నీళ్లు తెప్పిస్తాను" అంటోంది పద్మప్రియ.

"మేడం." గుమ్మంలో అక్సా నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. "పది క్లాసు పిల్లకు పడుకునేందుకు హాస్టల్ల జాగ ఉన్నదా?"

పద్మప్రియ తల్లి వైపు చూసింది. తల్లి పిల్ల వైపు చూసింది.

"ఉంది బిడ్డా. కానీ నీకిక్కడ..."

"ఇక్కడ అందరికి తెలిసిపోయింది గదా. ఇంక తెల్సుడు అయిపోయింది. ఈడ్నే ఉంట." ఆమె తల్లి ముందుకు వచ్చి, కింద పడ్డ బ్యాగు ఎత్తి భుజాన వేసుకుంది. "నేనింటికి రాను, అమ్మా. బడి ఏదైనా సరే అని నేను అప్పుడే అనాల్సింది. నాకు చెప్పుడు రాలే."

సంపూర్ణకు అప్పుడు అర్థమైంది, ఇన్నాళ్లుగా తను ఎంచుతున్నది బడిని. పిల్ల ఎంచుకుంటున్నది ఇల్లు కాని చోటును. బస్టాండులో కూర్చున్న రోజుల్లో కూడా ఆ పిల్ల తనంతట తాను ఇంటి వైపు ఒక్క అడుగూ వేయలేదు. అర్థమైనకొద్దీ మరింత చీకటిగా ఉంది. "ఏం చూసినవే?" అని అడగడానికి నోరు తెరిచింది. ఆ మాట పైకి రాకముందే చేతిలోని ఫోను మోగింది. అద్దం మీద ఏసయ్య ఫోటో వెలిగింది. కిందటేడు ఈస్టరుకు తీసిన ఫోటో, తెల్లచొక్కా, పక్కన సగం కనబడుతున్న అక్సా భుజం.

ఆమె ఎత్తలేదు. అక్సా చేయి చాచి ఫోను తీసుకుంది. తండ్రి గొంతు, వార్డు కోసం పెంచి పెట్టిన శబ్దంలో, ముగ్గురికీ స్పష్టంగా వినబడింది.

"మరేం లేదు గని, మేడం ఏమన్నది? పిల్లను తీసుకుంటరటనా?"

ఆ మొదటి మాటకే పద్మప్రియ చేయి టేబులు అంచును పట్టుకుంది.

"నేను, నాన్నా" అంది అక్సా. "నేనిక్కడ చేరుతున్న. ఇంటికి రాను."

అవతల లారీ ఇంజను చప్పుడు చాలాసేపు వినబడింది. ఎవరో తూకం పిలుస్తున్నారు. పిలుపుకు పలికేవాడు పలకడం లేదు. చివరికి ఏసయ్య మాట్లాడినప్పుడు ఆ గొంతు సంపూర్ణ ఎన్నడూ విననంత చిన్నగా ఉంది.

"అమ్మకు చెప్పినవా?"

అక్సా తల్లి కళ్లలోకి సూటిగా చూసింది. చూపు తిప్పుకోకుండానే ఫోనులో జవాబిచ్చింది.

"ఇంకా లే."